ప్యాడ్ ఊడకుండా ఎల్ఈడీ మార్చాలంటే

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఎక్స్‌బాక్స్ 360 కంట్రోలర్ మధ్య బటన్ చుట్టూ ఉండే నాలుగు ఆకుపచ్చ ఎల్ఈడీలు తీసేసి నీలంవి వేస్తానంటున్నావని అమ్మ చెప్పింది. తప్పకుండా చెయ్యి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు మాత్రం ఇది ఒకసారి చదువు.

ముందు బ్యాటరీలు తీసెయ్. మొత్తం ఏడు స్క్రూలు, వాటిలో ఒకటి బ్యాటరీలు పెట్టే చోట స్టిక్కర్ కింద ఉంటుంది. స్క్రూల తలల నడుమ చిన్న పిన్ను ఉంటుంది కాబట్టి మధ్యలో రంధ్రం ఉన్న టీ8 నక్షత్రం స్క్రూడ్రైవర్ బిట్ కావాలి. మోటార్ల వైర్లు తెగకుండా బోర్డు మెల్లగా ఎత్తు.

కొనే ముందు పాత ఎల్ఈడీని కొలువు. 1.6 మిల్లీమీటర్ల పొడవుంటే దాని సైజు నంబరు 0603, 2 ఉంటే 0805. కోఠీ గుజరాతీ గల్లీలో ఈ నంబరు చెబితే చాలు, ఇస్తారు. నాలుగు కావాలంటే పది తెచ్చుకో, ఇంత చిన్నవి ట్వీజర్ నుంచి ఎగిరిపోతే దొరకవు. ఇంకో సంగతి, పసుపు ఛాయ ఆకుపచ్చకు 2 వోల్టులు చాలు గానీ నీలానికి 3 దాకా కావాలి, కాబట్టి వెలుగు తగ్గొచ్చు. అందుకని నాలుగూ ఒకేసారి పీకెయ్యకు. ఒకటి మార్చి, బ్యాటరీలు పెట్టి, వెలుగు నీకు నచ్చిందో లేదో చూసుకుని మిగతావాటి జోలికి వెళ్లు.

అసలు జాగ్రత్తంతా పాతది తీసేటప్పుడే. కంపెనీ వేసిన సోల్డర్ (భాగాల్ని బోర్డుకు అతికించే లోహం) సాధారణంగా సీసం లేనిది, దాదాపు 217 డిగ్రీల దాకా కరగదు. మనం వాడే 63/37 సోల్డర్ తీగ (63 పాళ్లు తగరం, 37 సీసం) 183కే కరుగుతుంది. అందుకే ఎల్ఈడీ రెండు చివర్లకూ ఫ్లక్స్ (సోల్డర్ బాగా పారేలా చేసే పేస్టు) రాసి, మన తీగ కాస్త ధారాళంగా కలుపు. రెండూ కలిశాక తొందరగా కరుగుతాయి. ఐరన్ 320 నుంచి 350 మధ్య పెట్టుకుని, దాని బిట్‌ను, అంటే మొనను, అడ్డంగా ఆనించి రెండు చివర్లనూ ఒకేసారి వేడి చెయ్యి. కరిగిందంటే ఎల్ఈడీ బిట్ వెంటే జరిగి వచ్చేస్తుంది. లాగాల్సి వస్తోందంటే ఇంకా కరగలేదన్నమాట. అప్పుడు బలం చూపిస్తే ఎల్ఈడీతో పాటు కింద అది అతుక్కునే రాగి ప్యాడ్ కూడా బోర్డు నుంచి లేచిపోతుంది. ఎల్ఈడీ ఇంకోటి కొనుక్కోవచ్చు. ప్యాడ్ పోతే మాత్రం బోర్డు మీది రాగి గీత (ట్రాక్) గీకి, వెంట్రుకంత రాగి తీగ అతికించాలి. మొదటిసారి చేసేవాడికి అది నరకం. మూడు నాలుగు సెకన్లలో రాకపోతే ఐరన్ తీసి, చల్లారనిచ్చి, మళ్లీ ఫ్లక్స్ రాసి మొదలుపెట్టు.

ఇక కొత్తది పెట్టడం. ఎల్ఈడీ కింద ఉండే ఆకుపచ్చ గుర్తు సాధారణంగా నెగెటివ్ వైపు ఉంటుంది గానీ అన్ని కంపెనీలూ ఒకేలా వెయ్యవు. మల్టీమీటర్ డయోడ్ మోడ్‌లో చూడు. కొన్ని మీటర్ల వోల్టేజీ నీలానికి చాలదు, అప్పుడు సీఆర్2032 బిళ్ల సెల్ ఒక్క క్షణం ఆనించు. ఒక ప్యాడ్ మీదే కొంచెం సోల్డర్ వేసి, అది కరిగి ఉండగానే ఎల్ఈడీని పక్క నుంచి జరుపు. వంకర లేకుండా బోర్డుకు ఆనుకుని కూర్చున్నాకే రెండో చివర అతుకు.

కిటికీ తెరిచి పెట్టుకో. తీగలో సీసం ఉంటుంది, చేతులు సబ్బుతో కడుక్కోకుండా అన్నానికి కూర్చోకు. మధ్యలో అనుమానం వస్తే ఐరన్ స్టాండులో పెట్టి, బోర్డు ఫొటో పంపి ఫోన్ చెయ్యి.

మీ మామయ్య