పర్సనాలిటీకి మార్కులు వెయ్యకు బిడ్డా

బిడ్డా,

మీ కాలేజీల ఫిజిక్స్ లెక్చరర్ ఇంటర్వ్యూకు నిన్ను గూడ కూసోబెడుతున్నరని మీ అమ్మ చెప్పింది. ప్రశ్నలకన్నా ముందు కుర్చీ చూస్కో. చేతులున్న ప్లాస్టిక్ కుర్చీ వేస్తే దొడ్డుగున్న మనిషి అందుల ఇరుక్కొని, లేస్తే కుర్చీ గూడ వెంట లేస్తదేమోనన్న బుగులుతోని జవాబు చెప్తది. చేతుల్లేని చెక్క కుర్చీ అందరికీ వేయించు. గది మూడో అంతస్తుల అయితే, మిర్యాలగూడ బస్సు దిగి మెట్లెక్కి వచ్చినోళ్లకు 10 నిమిషాలు, గ్లాసెడు నీళ్లు ఇయ్యాలె. లేకుంటే ఆ ఆయాసం చూసి "ధైర్యం లేదు" అని రాస్తరు.

మన దిక్కు "పర్సనాలిటీ" అనే మాట ఉన్నది చూడు, లొల్లంతా అందులనే. 90 కిలోల మొగాయన వస్తే "మంచి పర్సనాలిటీ, పిల్లలు భయపడ్తరు" అంటరు. అంతే బరువున్న ఆడమనిషి వస్తే "గంటసేపు నిలబడ్తదా?" అంటరు. ఇద్దరూ ఇంకా చాక్‌పీస్ గూడ పట్టలే! 1920ల థార్న్‌డైక్ అనే అమెరికా సైకాలజిస్టు సైన్యంల ఆఫీసర్లు కిందోళ్లకు వేసిన మార్కులు చూసిండు. ఒడ్డూపొడుగుకు ఎక్కువ వేసినోళ్లకే తెలివికీ, నాయకత్వానికీ ఎక్కువ వేసిన్రు.

అందుకని తలుపు తెరవకముందే మార్కుల కాగితం తయారుండాలె. డెమో క్లాసు 20 నిమిషాలు, 40 మార్కులు. పాఠం అందరికీ ఒక్కటే. సబ్జెక్ట్ ప్రశ్నలు ఐదు, 30. మిగిలిన 30కి, పిల్లగాడు తప్పు చేసిన లెక్క ఒకటి ఇచ్చి దిద్దమను. తప్పు ఏ అడుగుల మొదలైందో పట్టుకుంటరా లేదా చూడు. ఇది శానా మంది పెట్టరు గాని పనితనం బయటపడేది అక్కడ్నే. "అపియరెన్స్" అనే గడి ఉంటే కొట్టెయ్యి.

చెడేది ఎక్కడంటే, మనిషి బయటికి పోంగనే కరస్పాండెంట్ సారు నోరు తెరుస్తడు. ఆయన "ఊహూ" అంటే మిగతా పెన్నులు ఆగిపోతయి. అందరూ మార్కులేసి, సంతకం పెట్టి, కాగితాలు బోర్లేసినంకనే మాట. ఈ ఒప్పందం ముందు రోజే చేస్కో. "హుషార్ లేదు" అని ఎవరన్నా అంటే "ఏ నిమిషంల సారూ?" అని మెల్లగ అడుగు. పెళ్లి, పిల్లల ముచ్చట మొగాయనను అడగరు గద, ఆమెనూ అడగనియ్యకు.

కొలువులిచ్చేటప్పుడు ఆడ, మగ తేడా చూపొద్దని మన సమాన వేతన చట్టం 1976ల చెప్పింది, ఇప్పుడు దాని జాగల వచ్చిన వేతన కోడ్ గూడ అదే అంటది. బరువు ఊసు రెండిట్ల లేదు. ఆ 1976లనే అమెరికాల మిషిగన్ రాష్ట్రం తన చట్టంల ఎత్తు, బరువు గూడ రాసుకున్నది. అంటే, బరువు మాటొస్తే నీ చేతుల చట్టం లేదు, ఆ మార్కుల కాగితమే ఉన్నది.

దరఖాస్తుల మీద ఫొటోలుంటే మొదటి వడపోతకు ముందే తెల్ల కాగితం ముక్క పిన్ను కొట్టించు. గమ్ము పెట్టనియ్యకు, తర్వాత సర్టిఫికెట్లతోని ఫొటో సరిచూసుకోవాలె.

మీ పెద్దమ్మ