మాట కలవకముందే తిరిగే మీటరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మేము ఇంగ్లండులోని లెస్టర్‌లో ఉంటున్నాము. గుంటూరు నుంచి మా అత్తయ్యగారు మా దగ్గరకు వచ్చి నాలుగేళ్లయింది. సెల్‌ఫోన్‌లో అంకెలు ఆవిడకు సరిగా ఆనవు కనుక, హాల్లో ఉన్న ల్యాండ్‌లైన్ నుంచే ఊళ్లోని తెలుగువాళ్లకు ఫోన్ చేస్తుంటారు. ఎవరితోనూ అయిదారు నిమిషాలకు మించి మాట్లాడరు. అయినా పోయిన నెల కాల్స్ ఖర్చు మేము అనుకున్నదానికి మూడింతలు వచ్చింది. వివరాల పేజీ తీసి చూస్తే ఏడు సెకన్ల కాల్‌కు కూడా 30 పెన్స్ దాటి వేశారు. అడిగితే, ‘అది కనెక్షన్ ఛార్జి, టారిఫ్‌లోనే ఉంది’ అన్నారు. ఎవరూ మాట్లాడని కాల్‌కు డబ్బు వసూలు చేయడం చెల్లుతుందా? – ఒక పాఠకురాలు, లెస్టర్

జవాబు: చెల్లుతుందమ్మా. మీకు నచ్చని జవాబే అయినా ముందుగా అదే చెప్పాలి. బ్రిటన్‌లో ప్యాకేజీలోకి రాని కాల్ ప్రతిదానికీ, అవతల ఫోన్ ఎత్తిన క్షణంలోనే, కొంత సొమ్ము ఒకేసారి వేసే పద్ధతి చాలా ఏళ్లుగా ఉంది. ‘కాల్ సెటప్ ఫీ’ అన్నా, కనెక్షన్ ఛార్జి అన్నా అదే. నిమిషాల లెక్క దాని తరువాత మొదలవుతుంది. పైగా చాలా టారిఫ్‌లలో సెకన్లను పై నిమిషానికి సవరిస్తారు కనుక, ఏడు సెకన్లు కూడా బిల్లులో నిండు నిమిషమే అవుతుంది.

లెక్క కట్టి చూద్దాం. సెటప్ ఫీ 20 పెన్స్, నిమిషానికి 12 పెన్స్ అనుకుందాం. ఇవి ఉదాహరణకు తీసుకున్న అంకెలు, మీ కంపెనీవి వేరుగా ఉండవచ్చు. మీ అత్తయ్యగారు పూజ ముగించుకుని పదకొండు గంటలకు ఒక స్నేహితురాలికి ఫోన్ చేశారు. ఆవిడ ఇంట్లో లేరు, ఆన్సరింగ్ మెషీన్ ఎత్తింది. ‘ఇదేదో ఇంగ్లీషులో మాట్లాడుతోంది’ అనుకుని పెట్టేశారు. అర్ధగంట తరువాత మరొకసారి, భోజనానికి ముందు ఇంకొకసారి చేసినా అదే జరిగింది. మెషీన్ ఎత్తినా మనిషి ఎత్తినట్టే లెక్క కనుక, ఈ మూడు కాల్స్‌కూ ఒక్కొక్కదానికి 32 చొప్పున 96 పెన్స్ పడ్డాయి. చివరకు సాయంత్రం స్నేహితురాలు దొరికి, ఇద్దరూ ఆరు నిమిషాలు చక్కగా మాట్లాడుకున్నారు; దానికి 92 పెన్స్. జరిగిన సంభాషణ కంటే జరగని సంభాషణకే ఎక్కువ ఖర్చయింది. అందుచేత ఈ బిల్లులో మీరు లెక్కపెట్టవలసింది నిమిషాలను కాదు, కాల్స్‌ను. పొదుపుగా, క్లుప్తంగా మాట్లాడే పెద్దవాళ్లకే ఇది ఎక్కువ భారమవుతుంది. గంటసేపు మాట్లాడేవారికి ఆ 20 పెన్స్ కనిపించను కూడా కనిపించదు.

అవతల ఎవరూ ఎత్తకుండా మోగి ఆగిపోయిన కాల్‌కు, ఎంగేజ్ వచ్చిన కాల్‌కు రుసుము ఉండదు. కాబట్టి ఏ ఇంట్లో ఎన్ని రింగుల తరువాత మెషీన్ ఎత్తుతుందో గమనించి, దానికి ఒక రింగు ముందే పెట్టేయమని ఆవిడకు చెప్పండి. మిస్డ్ కాల్ ఇవ్వడం మనవాళ్లకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు.

ఇక మీ ప్యాకేజీ సంగతి. మీరు చెప్పిన తీరును బట్టి మీది వారాంతపు కాల్స్ మాత్రమే ఉచితంగా ఇచ్చే ప్యాకేజీ అయివుంటుందని నా అనుమానం. అలాంటి వాటిలో శని, ఆదివారాలు చేసిన కాల్స్‌కు సెటప్ ఫీ ఉండదు. మంగళవారం ఉదయం చేసిన కాల్‌కు ఉంటుంది. నెలకు కొంత అదనంగా చెల్లించి అన్ని వేళలకూ వర్తించే ప్యాకేజీకి మారడం మేలా, కాదా అన్నది తేల్చుకోవడానికి, పూర్తి వివరాల బిల్లు తీసుకుని, ప్యాకేజీకి బయట ఎన్ని కాల్స్ పడ్డాయో ఒక పెన్సిలుతో టిక్కులు పెట్టండి. రోజుకు రెండు కాల్స్ దాటుతుంటే మారడమే లాభమని నా అభిప్రాయం.

నంబర్ల విషయంలో కూడా జాగ్రత్త అవసరం. 0800, 0808తో మొదలయ్యేవి ఉచితం. 03తో మొదలయ్యేవాటికి మామూలు 01, 02 నంబర్ల రేటే వర్తిస్తుంది. అంటే ప్యాకేజీలో ఉంటే ఉచితం, బయట పడితే సెటప్ ఫీతో సహా. 084, 087, 09 నంబర్లకు 2015 జూలై 1 నుంచి ధరను రెండు భాగాలుగా చూపాలి: మీ ఫోన్ కంపెనీ తీసుకునే ‘యాక్సెస్ ఛార్జి’ ఒకటి, ఆ నంబరు గల సంస్థ తీసుకునే ‘సర్వీస్ ఛార్జి’ మరొకటి. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది రెండోది మాత్రమే. మొదటిది ఎంతో మీ టారిఫ్ పత్రంలో వెతుక్కోవాలి.

అన్నిటికంటే ప్రమాదమైనవి 118తో మొదలయ్యే విచారణ నంబర్లు, అంటే ఎవరి ఫోన్ నంబరైనా అడిగితే వెతికి చెప్పేవి. నంబరు చెప్పిన తరువాత ‘మిమ్మల్ని కలపమంటారా’ అని మర్యాదగా అడుగుతారు. సరే అన్నారా, ఆ తరువాత మాట్లాడినంతసేపూ విచారణ నంబరు రేటే నడుస్తుంది. ఈ ధరలు మితిమీరడంతో నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ 2019 ఏప్రిల్ నుంచి 90 సెకన్లకు 3.65 పౌండ్లు మించరాదని పరిమితి పెట్టింది. పరిమితి పెట్టిన తరువాత ధర అది! నంబరు కాగితం మీద రాసుకుని, పెట్టేసి, స్వయంగా డయల్ చేయమని అత్తయ్యగారికి చెప్పండి.

బిల్లు తప్పు అనిపిస్తే, ఒప్పందం నాటి ధరల పట్టికలో ఆ రుసుము ఉందో లేదో రాతపూర్వకంగా చూపమని కంపెనీని అడగండి. చూపలేకపోయినా, జవాబు తృప్తిగా లేకపోయినా, ‘డెడ్‌లాక్’ లేఖ (ఈ ఫిర్యాదు మా దగ్గర ఇక తేలదని కంపెనీ రాసి ఇచ్చేది) ఇవ్వమని అడిగి తీసుకుంటే, దానితో ఆ కంపెనీ సభ్యత్వం ఉన్న వివాద పరిష్కార సంస్థను ఉచితంగా ఆశ్రయించవచ్చు.

ప్రశ్న: మాది అన్ని వేళలా ఉచిత కాల్స్ ప్యాకేజీ. అయినా మా అక్కయ్యతో మాట్లాడిన ఒక కాల్‌కు బిల్లు పడింది. – ఒక పాఠకుడు, మాంచెస్టర్

జవాబు: ఆ కాల్ గంట దాటి ఉంటుంది, చూసుకోండి. ‘ఉచితం’ అన్న మాటకు చాలా ప్యాకేజీలలో 60 నిమిషాల హద్దు ఉంటుంది. 61వ నిమిషం నుంచి మీటరు తిరుగుతుంది. 58వ నిమిషంలో ‘ఉండక్కా, మళ్లీ చేస్తాను’ అని పెట్టేసి తిరిగి చేస్తే ఇంకొక గంట ఉచితమే. అక్కయ్యగారు మాట మధ్యలో ఆపనిస్తారో లేదో మాత్రం నేను చెప్పలేను.

ప్రశ్న: 2000 ప్రాంతంలో మేము అయిదు డాలర్ల ఫోన్ కార్డులు కొని ఇంటి ఫోన్ నుంచి విజయవాడకు మాట్లాడేవాళ్లం. కార్డు మీద రాసినన్ని నిమిషాలు ఒక్కసారీ రాలేదు. అదీ ఇలాంటి రుసుమేనా? – ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: అదే, ఇంకా ముదిరిన రూపంలో. కార్డు మొత్తాన్ని ఒకే కాల్‌లో ఖర్చు చేస్తే వచ్చే నిమిషాలనే పోస్టరు మీద వేసేవారు. నాన్నగారితో రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తే ఒక కనెక్షన్ ఛార్జి, లైను తెగి మళ్లీ చేస్తే ఇంకొకటి. దానికి తోడు, వాడకుండా జేబులో ఉంచుకున్నా వారం వారం ‘నిర్వహణ’ పేరిట కోత. ఇవన్నీ కార్డు వెనక, భూతద్దం పెట్టి చదవవలసిన అక్షరాలలో ఉండేవి. అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 2015 అక్టోబరులో ఇలాంటి ఆరు కార్డు కంపెనీలకు తలా 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అప్పటికి మనవాళ్లలో చాలామంది కార్డులు మానేసి ఇంటర్నెట్ కాల్స్‌కు మారిపోయారు.

మన ఊళ్లలో ఈ పేరుతో రుసుము లేకపోయినా, పల్స్ పద్ధతి కొంతవరకు ఆ పనే చేసేది. లోకల్ కాల్‌కు మూడు నిమిషాలు ఒక యూనిట్ అన్న రోజుల్లో, పది సెకన్లు మాట్లాడినా నిండు యూనిట్ పడేది. కానీ ఎస్‌టీడీ బూత్‌లో ఒక సుఖం ఉండేది. పావు రేటు కోసం రాత్రి పదకొండు దాకా వరుసలో నిలబడి లోపలికి వెళ్తే, ఎర్ర అంకెలు కళ్లెదుటే మారుతూ ఉండేవి, బయటికి రాగానే చిన్న యంత్రం చీటీ ముద్రించి ఇచ్చేది. ఎంతయిందో చూసుకుంటూనే ‘సరే, ఉంటా’ అనేవాళ్లం. లెస్టర్ పాఠకురాలి హాల్లోని ఫోన్ మీద ఆ ఎర్ర అంకెలు లేవు. నెల తరువాత కవరులో వస్తాయి.