నిజాం కాలం డిటెక్టివ్ నవల సొంతంగా వేసుకుంటే అమ్ముడుపోతుందా? నా అనుభవం

మీ ప్రశ్న చదివాను. నిజాం కాలం హైదరాబాద్‌లో జరిగే హత్య కథ రాసి పెట్టుకున్నారు, ఇద్దరు పబ్లిషర్లు ఇలాంటివి ఇప్పుడెవరు చదువుతారండీ అని తిప్పి పంపేశారు, సొంతంగా వేసుకుంటే ఎక్కడ అమ్మాలి అని అడిగారు. నేనూ ఇదే పని చేసినవాణ్ణి కాబట్టి వివరంగా రాస్తున్నా. నా నవల 1908 మూసీ వరద చుట్టూ తిరుగుతుంది, 500 కాపీలు వేశాను, అమ్మడానికి రెండేళ్లు పట్టింది కానీ అన్నీ అయిపోయాయి.

అమ్మకం సంగతి తర్వాత చూద్దాం, ముందు కథ సంగతి అడుగుతా. మీ కథలో నేరం దేనివల్ల బయటపడుతుంది? అదే క్లూ తీసుకెళ్లి ఇవాళ్టి కూకట్‌పల్లిలో పెట్టినా పనిచేస్తుందంటే మాత్రం ఇంకోసారి కూర్చోండి, ఎందుకంటే అది షేర్వానీ తొడిగిన మామూలు కథే అవుతుంది.

నా మొదటి డ్రాఫ్ట్ అలాగే ఉండేది. అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో పరిచయమైన ఒక పెద్దాయన, ఉర్దూ బాగా వచ్చిన రిటైర్డ్ ఉద్యోగి, చదివి పెట్టమంటే ఒక పేజీ దగ్గర ఆగి అక్కడ వేలు పెట్టి, "బాబూ, ఈ దస్తావేజు మీద సెప్టెంబర్ అని రాశావేంటి, అప్పట్లో సర్కారు లెక్కలన్నీ ఫస్లీలో కదా" అన్నారు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఫస్లీ అంటే అప్పట్లో సర్కారు లెక్కలకి వాడిన సంవత్సరం, దానికి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది, నిజాం రాజ్యంలో అది అక్టోబర్ మొదటి వారంలో మారేది. వరద వచ్చింది సెప్టెంబర్ 28న, అంటే 1317 ఫస్లీ ఇంకో వారంలో అయిపోతుందనగా. ఇప్పుడు నా కథలో ఒక వడ్డీ వ్యాపారి వరదలో కొట్టుకుపోయినాయన ఇంటి మీద దస్తావేజు తెచ్చి, పోవడానికి నాలుగు రోజుల ముందే రాసిచ్చాడంటాడు. సంతకం సరిగ్గానే ఉంది, సాక్షులూ ఉన్నారు, కానీ కాయితం మీద సంవత్సరం 1318. అది పుట్టించింది వరద తర్వాత కొన్ని నెలలకి, అప్పటికి రోజూ 1318 రాసి రాసి రాతగాడి చెయ్యి దానికే అలవాటు పడిపోయింది. ఈ క్లూ ఈ ఊళ్లోనే, ఆ నెలలోనే పుడుతుంది, ఇంకెక్కడా పుట్టదు. (ఇది మధ్యలో వచ్చే క్లూ, చివరిది కాదు, అందుకే చెప్పేస్తున్నా.)

ఇంకా చిన్న చిన్నవి ఉంటాయి, అవి కూడా ప్రాణం తీస్తాయి. నా హీరో కాచిగూడ స్టేషన్‌లో రైలెక్కేవాడు, ఆ స్టేషన్ కట్టిందే 1916లో, అందుకని సికింద్రాబాద్‌కి మార్చాను. నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ వరద ఫొటోలు తీస్తున్నట్టు ఒక సీన్ రాశాను, ఆయన 1905లోనే పోయారు, ఎంత ఇష్టమైన సీన్ అయినా తీసెయ్యాల్సి వచ్చింది. వేలిముద్రల బ్యూరో కలకత్తాలో 1897లోనే పెట్టారు కాబట్టి ఆ విద్య విన్న పోలీసు మీ కథలో ఉండొచ్చు, అంతేగానీ ప్రతి పోలీసు నాకా దగ్గరా ఉన్నట్టు రాయొద్దు. ఇలాంటివి చూసుకోడానికి అఫ్జల్‌గంజ్ స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, పాత సర్కారు రికార్డులుండే తార్నాక ఆర్కైవ్స్, 1901లో మొదలై ఇప్పుడు సుల్తాన్‌బజార్‌లో ఉన్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే లైబ్రరీ, ఈ మూడింటికీ పోండి. గూగుల్ ఒక్కటే సరిపోదు.

ఇక అచ్చు. నేను మొదట, కవర్ నుంచి అచ్చు దాకా అన్నీ మేమే చేసిపెడతాం అనే ఒక ప్యాకేజీ కంపెనీకి డబ్బు కట్టి నష్టపోయాను. వాళ్లు పంపిన కవర్ మీద తాజ్‌మహల్ లాంటి గుమ్మటం, దాని ముందు లాంతరు పట్టుకున్న మనిషి, అసలు హైదరాబాదే లేదు అందులో, పైగా ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) వాళ్ల పేరు మీద. దయచేసి మీరు అలా చెయ్యకండి, మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో మీ పేరుతోనే అప్లై చేసుకోవచ్చు. తర్వాత నేనే ఒక ప్రెస్‌కి వెళ్లి డెమీ సైజులో వేయించుకున్నా. పేజీలు పదహారు చొప్పున ఫారాలుగా కడతారు కాబట్టి చివరి ఫారంలోకి కథ రెండు పేజీలే వెళ్తుంటే ఆ రెండూ కథలోంచి తగ్గించుకోవడం మేలు. డీటీపీ వాళ్లు యూనికోడ్ కాని అను ఫాంట్స్‌లో చేస్తే యూనికోడ్ కాపీ విడిగా మీ దగ్గర పెట్టుకోండి, లేకపోతే తర్వాత ఈబుక్‌కి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, నేను మొత్తం పుస్తకం మళ్లీ ప్రూఫ్ చూశాను.

అమ్మకం. ఫేస్‌బుక్‌లో డబ్బు పెట్టి బూస్ట్ చేశాను, లైకులు వచ్చాయి ఆర్డర్లు రాలేదు. షాపుల వాళ్లు నా దగ్గర నలభై శాతం కమిషన్ తీసుకున్నారు, అది వాళ్ల వ్యాపారం, తప్పు పట్టను, కానీ డబ్బులు చేతికి రావడానికి నెలలు పట్టింది కాబట్టి ధర పెట్టేటప్పుడే అది లెక్కేసుకోండి. డిసెంబర్ బుక్ ఫెయిర్‌లో ఇంకో ముగ్గురితో కలిసి ఒక స్టాల్ తీసుకున్నాం, అది బాగానే నడిచింది.

నిజంగా పుస్తకాన్ని నిలబెట్టింది మాత్రం నడక. ఒక ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ఎక్కకముందే, వాట్సాప్ గ్రూప్‌లో వస్తామన్న పదకొండు మందిని నయాపూల్ దగ్గర కలిసి, అప్పట్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, అఫ్జల్, ముసల్లంజంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయి పురానాపూల్ ఎలా నిలబడిందో చెప్పుకుంటూ ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు దాకా తీసుకెళ్లాను. ఆ రోజు దాదాపు 150 మంది ఆ కొమ్మలెక్కి బతికారని చెప్తారు. అక్కడ నిలబడి నా నవల్లోంచి రెండు పేజీలు చదివితే ఒక కాలేజీ అమ్మాయి చెట్టు మొదలు మీద చెయ్యి పెట్టి అలాగే ఉండిపోయింది, నడక అయ్యాక టీ కొట్టు దగ్గర తొమ్మిది కాపీలు పోయాయి, అందరూ ఫోన్‌పే చేశారు. తర్వాత నెలకొకసారి పెట్టాను, వచ్చినవాళ్లే వాళ్ల చుట్టాలకి చెప్పారు. మీ కథ ఏ గల్లీలో జరుగుతుందో అక్కడికే పాఠకుల్ని తీసుకెళ్లండి, ప్రకటన కంటే అది బాగా పనిచేస్తుంది.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఏటా సెప్టెంబర్ 28న ఆ చెట్టు కింద వరదలో పోయినవాళ్లని తలుచుకుంటారు. నేను వెళ్తాను, కానీ ఆ రోజు పుస్తకాల సంచి తీసుకెళ్లను. వేలమంది పోయిన రోజు అది, మన ట్విస్టు కోసం వచ్చింది కాదు, రాసేటప్పుడు కూడా నాకు అదే భయం ఉండేది.

మీ కథ ఏ సంవత్సరంలో జరుగుతుందో రాయలేదు. చెప్పండి, మొదటి మూడు చాప్టర్లు మెసేజ్ చేస్తే తేదీలు, స్టేషన్లు, వంతెనలు నేను ఒకసారి చూసి పెడతాను.