కెలడేసీ దారిలో పాటు నీళ్లు

అమ్మలూ,

శనివారం నువ్వొక్కదానివే కయాక్ వేసుకుని ఫ్లోరిడాలోని డనీడిన్ నుంచి కెలడేసీ దీవికి వెళ్తున్నావట. రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, "నువ్వయినా వద్దని చెప్పు అన్నయ్యా" అన్నాడు. నేను చెప్పను. 1895లో ఆ దీవిలోనే పుట్టిన మర్టిల్ అనే అమ్మాయి తెడ్లు వేసుకుంటూ బడికి వెళ్లి వచ్చేది. అదే నీళ్ల మీద మనింటి పిల్ల వెళ్తానంటే గర్వంగానే ఉంది. నిద్ర మాత్రం పట్టలేదు.

మంచినీళ్లు, టోపీ, విజిల్, తడవని సంచిలో ఫోను. ఒడ్డు దగ్గర తోక ముల్లుతో పొడిచే స్టింగ్‌రే చేపలుంటాయి, కాళ్లు ఎత్తకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడు. మడ చెట్ల వేర్లకు పట్టిన ఆల్చిప్పలు కత్తుల్లాంటివి, చేత్తో పట్టుకోకు. ఇవన్నీ నీకు తెలుసు.

నేను ఎవరికీ పూర్తిగా చెప్పనిది ఒకటుంది. పదకొండేళ్ల కిందట, జులైలో, నేనూ ఒక్కణ్నే వెళ్లాను. సీటు గట్టిగా ఉందని లైఫ్ జాకెట్‌ని మడిచి కింద వేసుకుని కూర్చున్నాను. గోదావరిలో ఈదినవాడికి జాకెట్ ఎందుకన్న పొగరు. పోటు, పాటు ఎప్పుడో కూడా చూసుకోలేదు. బీచిలో తీరిగ్గా అన్నం తిని, రెండింటికి ఊరి వైపు ఉరుములు వినపడితే కంగారుగా బయల్దేరాను.

కెలడేసీ, హనీమూన్ ఒకప్పుడు ఒకటే దీవి. 1921 తుపాను మధ్యలో గండి కొట్టింది. పాటు వేళ, అంటే సముద్రం వెనక్కి తీసేటప్పుడు, లోపలి నీళ్లు ఆ గండిలోంచే సముద్రంలోకి లాగుతాయి. పైకి చూస్తే ఏమీ తెలియదు. నేను కాజ్‌వేకేసి, అంటే ఊరి నుంచి హనీమూన్‌కి నీళ్ల మీదుగా వేసిన రోడ్డుకేసి, సూటిగా తెడ్డు వేస్తూనే ఉన్నాను, ఒడ్డు మాత్రం పక్కకి జరిగిపోతోంది. గండి దగ్గర పడమటి గాలి ఆ లాగుకి ఎదురై అలలు నిటారుగా లేచాయి. రెండో అలకే కయాక్ తిరగబడింది. జాకెట్ తేలుకుంటూ వెళ్లిపోయింది. చేపలు పట్టుకునే ముసలాయన ఒకాయన తన బోటులోకి లాగేదాకా, బోర్లాపడ్డ కయాక్‌ని కావలించుకుని ఉన్నాను. మీ నానమ్మకి ఎవరు చెప్తారా అన్నదొక్కటే నా ఆలోచన.

సిగ్గేంటంటే, ఆ విద్య చిన్నప్పుడే చూశాను. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కితే, సరంగు అవతలి నరసాపురం రేవుకేసి సూటిగా పోనిచ్చేవాడు కాదు. నీళ్లు లాగే వైపుకి ఎదురుగా ముక్కు తిప్పి, వాలుగా దాటించేవాడు. నువ్వు తిరిగొచ్చేటప్పుడు అలాగే చెయ్యి తల్లీ. ముక్కు కుడిచేతి వైపు, ఊరి వైపు ఉంచు. అసలు పాటు జోరు మీద ఉంటే బయల్దేరకు, తగ్గేదాకా దీవిలోనే కూర్చో. ఆలస్యమైందని నిన్నెవరూ ఏమీ అనరు.

జాకెట్ ఒంటి మీదే ఉండాలి. పెద్దవాళ్లకి పడవలో ఉంటే చాలని చట్టం అంటుంది, నాకు చాలదు. ఉక్కగా ఉందని విప్పావని తెలిస్తే ఊరుకోను. నా బంగారుతల్లివి కదూ, విప్పకు.

ఏడింటికల్లా నీళ్లలో ఉండు, మధ్యాహ్నం ఉరుములకి ముందే వచ్చెయ్యి. ఆగాల్సి వస్తే దీవి నుంచే ఫోన్ చెయ్యి. పన్నెండున్నర దాకా చూస్తాను. అప్పటికీ నీ గొంతు వినపడకపోతే కోస్ట్‌గార్డుకి ఫోన్ చేసేస్తాను. పెద్దమ్మ పులిహోర చేసి ఉంచుతానంది. తడిబట్టలతోనే ఇంటికి వచ్చెయ్యి.

మీ పెదనాన్న