మా వాడు ఎంపీ అవుతానంటున్నాడు, ఏం చదివించాలి?

ప్రశ్న: మాది తెనాలి. బ్రిటిష్ కొలంబియాలోని సర్రీకి వచ్చి నాలుగేళ్లు దాటింది. పీఆర్ (శాశ్వత నివాస హోదా) ఉంది, పౌరసత్వానికి ఇంకా దరఖాస్తు చెయ్యలేదు. బాబు గ్రేడ్ 12. లెక్కల్లో వాడికి ఎప్పుడూ మంచి మార్కులే. ఇప్పుడేమో పొలిటికల్ సైన్స్ చదివి ఎంపీ అవుతానంటున్నాడు. కంప్యూటర్ సైన్స్ అయితేనే ఫీజు కడతానని మావారు పట్టుబట్టారు. తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. వలస వచ్చినవాళ్లం, వెనక ఎవరూ లేరు. మనలాంటివాళ్లకి రాజకీయం ఒక ఉద్యోగంలా కుదురుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే మీ పక్క ఊరు వాంకూవర్‌లో కష్టపడి పైకొచ్చిన ఒక రాజకీయ నాయకుడు గుర్తొచ్చారు. ఉజ్జల్ దోసాంఝ్. ఆయన పార్టీ, విధానాలు మీకు నచ్చాలని చెప్పడం లేదు. వెనక ఎవరూ లేని మనిషి ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ దారిన వెళ్లారో మీ అబ్బాయితోపాటు మీవారు కూడా చూడాలని చెబుతున్నాను.

1946లో జలంధర్ జిల్లాలోని దోసాంఝ్ కలాన్ అనే పల్లెలో పుట్టారు. పద్దెనిమిది నిండీ నిండకుండానే ఇంగ్లండ్ వెళ్లి చిన్నాచితకా పనులు చేశారు. 1968లో కెనడా వచ్చారు. వాంకూవర్‌లో దొరికిన పని సామిల్లులో. అక్కడ గ్రీన్ చెయిన్ అని ఒకటుంటుంది. అప్పుడే కోసిన పచ్చి పలకలు తడితడిగా, బరువుగా గొలుసు మీద వరసపెట్టి వస్తుంటాయి. పక్కన నిలబడ్డవాడు ఒక్కోదాన్ని లాగి కొలతను బట్టి వేర్వేరు దొంతరల్లో పేర్చాలి. మనిషి అలిసిపోయాడని గొలుసు ఆగదు. ఆ పనిలో ఆయన నడుము దెబ్బతింది. ఇక ఒంటితో బతకలేనని తేలాక పుస్తకాలు పట్టుకున్నారు. సైమన్ ఫ్రేజర్ యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. సబ్జెక్టు మీ అబ్బాయి అడుగుతున్న పొలిటికల్ సైన్సే. కానీ అక్కడితో ఆగలేదు. 1976లో బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో లా పూర్తిచేసి, మరుసటి ఏడాది లాయరయ్యారు.

మీ ఇంట్లో గొడవకి జవాబు ఆ తర్వాతి పదేళ్లలో ఉంది. అప్పట్లో ఫ్రేజర్ లోయ పొలాల్లో బెర్రీలు కోసే కూలీల్లో చాలామంది పంజాబీలు, అందులోనూ ఆడవాళ్లు, ముసలివాళ్లు. మిగతా కార్మికులకున్న చట్టాల రక్షణ పొలం పనివాళ్లకి సరిగా లేదు. దోసాంఝ్ వాళ్ల తరఫున నిలబడ్డారు, 1980లో ఏర్పడిన రైతు కూలీల యూనియన్‌ని కట్టడంలో చెయ్యి వేశారు. ఆ యూనియన్ మొదటి అధ్యక్షుడు రాజ్ చౌహాన్ కూడా పంజాబ్ నుంచి వచ్చి పొలంలో కూలి పని చేసినవారే. ఆయన 2020లో బ్రిటిష్ కొలంబియా శాసనసభ స్పీకరయ్యారు. వీళ్లిద్దరికీ రాజకీయం డిగ్రీ పట్టాతో రాలేదు. ముందు ఒక పని చేశారు, ఆ పనిలో మనుషులు దగ్గరయ్యారు, ఓట్లు ఎప్పటికో వచ్చాయి.

అదీ వెంటనే రాలేదు. దోసాంఝ్ 1979 శాసనసభ ఎన్నికల్లో ఓడిపోయారు, 1983లో మళ్లీ ఓడిపోయారు. 1985 ఫిబ్రవరిలో, ఖలిస్తాన్ పేరుతో సాగుతున్న హింసను బాహాటంగా విమర్శించినందుకు, ఆయన ఆఫీసు బయట పార్కింగ్ స్థలంలో ఇనుపరాడ్డుతో కొట్టారు. తలకి 80 దాకా కుట్లు పడ్డాయి, చెయ్యి విరిగింది. అదే ఏడాది జూన్ 23న ఖలిస్తాన్ ఉగ్రవాదుల బాంబుకి ఎయిర్ ఇండియా కనిష్క విమానం పేలి 329 మంది చనిపోయారు. ఆయన నోరు మూసుకోలేదు. ఈ సంగతి మీ అబ్బాయికి దాచకుండా చెప్పండి. తనవాళ్లనుకున్న జనంలోనే ఒంటరిగా నిలబడాల్సిన రోజు ఈ దారిలో వస్తుంది.

1991లో శాసనసభకి గెలిచారు. 1995లో అటార్నీ జనరల్, అంటే అక్కడి న్యాయశాఖ మంత్రి, అయ్యారు. 1999లో ఆ పదవిలో ఉండగా, తన సొంత ప్రీమియర్ (మన లెక్కలో ముఖ్యమంత్రి) గ్లెన్ క్లార్క్ మీద క్రిమినల్ దర్యాప్తు జరుగుతోందని ప్రజలకు తానే ప్రకటించాల్సి వచ్చింది. క్లార్క్ రాజీనామా చేశారు. 2002లో కోర్టు ఆయన్ని నిర్దోషిగా తేల్చింది. 2000 ఫిబ్రవరిలో దోసాంఝ్ తానే ప్రీమియర్ అయ్యారు. కెనడాలో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారత సంతతి మనిషి ఆయనే. పదిహేను నెలలు తిరిగేసరికి జరిగిన ఎన్నికల్లో 79 సీట్లలో ఆయన పార్టీ ఎన్డీపీకి దక్కినవి 2. ఆయన సీటు కూడా పోయింది. తర్వాత పార్టీ మారి, 2004లో లిబరల్ ఎంపీగా గెలిచి కేంద్రంలో ఆరోగ్య మంత్రి అయ్యారు. 2008లో మళ్లీ లెక్కించాక మిగిలిన మెజారిటీ 20 ఓట్లు. 2011లో ఓటమి.

ఈ జాతకంలో ఎన్ని ఎన్నికలు చేజారాయో మీవారికి చూపించండి. ఎంపీ జీతం ఏడాదికి 2 లక్షల డాలర్ల పైనే, కానీ ఒక్క రాత్రి లెక్కింపుతో పోయే జీతం అది. దోసాంఝ్ చేతిలో వకీలు వృత్తి ఉంది కాబట్టి మొదట రెండుసార్లు ఓడిపోయినా ఇల్లు గడిచింది. మీవారి భయం తప్పు కాదు, ఆ భయానికి మందు కంప్యూటర్ సైన్స్ ఒక్కటే అనుకోవడమే తప్పు.

ఇక చదువు. కెనడాలో లా కాలేజీలు ఫలానా డిగ్రీయే ఉండాలని అడగవు. డిగ్రీ మార్కులు, చాలాచోట్ల ఎల్‌శాట్ (లా ప్రవేశ పరీక్ష) స్కోరు చూస్తాయి. లా మూడేళ్లు, ఆపైన ఆర్టిక్లింగ్, అంటే లాయర్ల దగ్గర పని నేర్చుకోవడం. కాబట్టి కంప్యూటర్ సైన్స్ చదివినా లాయర్ కావచ్చు. కానీ మనసు లేని సబ్జెక్టులో బొటాబొటి మార్కులు తెచ్చుకున్న పిల్లాడికి లా సీటు కష్టం. అందుకే నా సలహా: పొలిటికల్ సైన్స్ చేరనివ్వండి, పక్కన స్టాటిస్టిక్స్ గానీ ఎకనామిక్స్ గానీ మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, తీసుకోమనండి. లెక్కలొచ్చిన పిల్లాడు బడ్జెట్ కాగితాలు చదవగలడు, ప్రభుత్వ శాఖల్లో విధానాలు రాసే ఉద్యోగాలకీ అది పనికొస్తుంది. రెండో ఏడాది చివర లా వైపు వెళ్లాలా వద్దా అని ముగ్గురూ కూర్చుని మళ్లీ మాట్లాడుకోండి. లా కాకపోయినా ఏదో ఒక వృత్తి మాత్రం చేతిలో ఉండాలి, ఈ ఒక్క షరతు దగ్గర మీవారు గట్టిగా నిలబడాలి. కేంద్ర మంత్రిగా పెద్ద శాఖలు చూసిన అనితా ఆనంద్ కూడా 2019లో ఎంపీ అయ్యేదాకా టొరంటో యూనివర్సిటీలో లా ప్రొఫెసర్.

పౌరసత్వం మాట మరిచిపోవద్దు. కెనడాలో ఓటు వెయ్యాలన్నా, పోటీ చెయ్యాలన్నా పౌరుడై ఉండాలి, 18 నిండాలి. పీఆర్‌తో కుదరదు. బాబుకి ఇంకా 18 నిండకపోతే మీ దరఖాస్తుతోపాటే వాడిదీ పెట్టొచ్చు, పెద్దవాళ్ల దరఖాస్తు కన్నా అది తేలిక. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో నిబంధనలు చూసుకుని ఆలస్యం చెయ్యకండి. భారత పాస్‌పోర్టు వదులుకోవాల్సి వస్తుంది కాబట్టి ఇంటిల్లిపాదీ ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయం అది. తర్వాత ఓసీఐ (భారత సంతతి విదేశీ పౌరులకి భారత్ ఇచ్చే కార్డు) తీసుకోవచ్చు.

వాడికి ఈ సెలవుల్లో ఒక పని చెప్పండి. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే ఆఫీసుకో, ఎంపీ ఆఫీసుకో వెళ్లి వాలంటీరుగా చేస్తానని అడగమనండి. వీసా ఆగిపోయినవాళ్లు, పింఛను రాని ముసలివాళ్లు, ఇంగ్లీషులో ఫారం నింపలేనివాళ్లు అక్కడికి వస్తారు. నా దగ్గరికి రాజకీయాలంటూ వచ్చే పిల్లలందరినీ ముందు ఇదే చేసి రమ్మంటాను. రెండు నెలలయ్యాక కూడా ఆ కుర్చీ వదలబుద్ధి కాకపోతే నాకు రాయమనండి. ఈసారి మీరు కాదు, వాడే రాయాలి. మీవారు కూడా కింద రెండు వాక్యాలు రాస్తే ఇంకా సంతోషిస్తాను.