యుద్ధకాలంలో తయారై, సైన్యంలో చేరని ఎల్‌ఎంజీలన్నీ (లైట్ మెషిన్ గన్‌లన్నీ) డొక్కువేనా?

కాదండీ. బ్రిటన్‌లో బీఎస్‌ఏ కంపెనీ చేసిన బేసల్ సంగతే చూడండి.

ముందు నా సంగతి. ఇన్‌ఫాంట్రీలో నాలుగేళ్లు ఎల్‌ఎంజీ నంబర్ వన్‌గా, అంటే గన్ పేల్చేవాడిగా చేశాను. బ్రిటిష్ వాళ్ల పాత ఎల్‌ఎంజీ బ్రెన్‌నే 7.62 రౌండ్లకు (తూటాలకు) మార్చిన గన్ మాది. దగ్గరదగ్గర పది కిలోలు. దాని ఖోల్నా-జోడ్నా (విప్పడం, మళ్లీ బిగించడం) ఇప్పటికీ కళ్లు మూసుకుని చేయగలను.

1940లో డన్‌కిర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం ప్రాణాలతో బయటపడింది గానీ, బ్రెన్‌లు చాలావరకు ఫ్రాన్స్‌లోనే వదిలేసింది. ఇంగ్లండ్‌లో బ్రెన్ చేసేదేమో ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీ ఒక్కటే. దాని మీద జర్మన్ బాంబు పడితే ఏం గతి? ఆ టెన్షన్‌లోంచి పుట్టిందే బేసల్. హ్యారీ ఫాక్నర్ అనే ఆయన డిజైన్ చేశాడు. బ్రెన్ బాడీని ఉక్కు దిమ్మలోంచి చెక్కి తీయాలి, చాలా పని. బేసల్‌కైతే రేకు ప్రెస్‌లో వంచి వెల్డింగ్ పెడితే చాలావరకు అయిపోతుంది. రౌండు అదే .303, తూటాలు నింపే మ్యాగజైన్ కూడా బ్రెన్‌దే.

నాకు బాగా నచ్చింది దాని పిడి. మా గన్‌కు కాకింగ్ హ్యాండిల్ (గన్‌ను కాక్ చేసే, అంటే పేల్చడానికి సిద్ధం చేసే హ్యాండిల్) కుడి పక్కన ఉండేది. ఓసారి రేంజిలో ఫైరింగ్ మధ్యలో గన్ ఆగిపోయింది. పిడి వదిలి కాక్ చేశాను, నా సహాయకుడు నంబర్ టూ మ్యాగజైన్ మార్చాడు, మళ్లీ పిడి పట్టుకుని గురి చూసేసరికి టార్గెట్ దిగిపోయింది. ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ తిట్లు వేరే! బేసల్‌లో ఆ బాధ లేదు. పిడినే ముందుకు తోసి వెనక్కి లాగితే కాక్ అవుతుంది, చెయ్యి పిడి మీదే ఉంటుంది. ట్యాంకుల్లో వాడిన బేసా గన్‌దీ ఇదే పద్ధతి. రెండు పేర్లూ కలిసిపోతున్నాయని తర్వాత బేసల్‌ను ఫాక్నర్ అనే పిలిచారు.

మరి ఎందుకు ఆపేశారంటే, 1943 నాటికి దాని అవసరం తీరిపోయింది. ఎన్‌ఫీల్డ్‌లో పని ఆగలేదు, కెనడాలోనూ బ్రెన్‌లు తయారయ్యాయి. చిత్రమేమిటంటే బాంబులు పడింది బీఎస్‌ఏ మీద: 1940 నవంబరులో బర్మింగ్‌హామ్‌ స్మాల్ హీత్ ఫ్యాక్టరీలో 53 మంది కార్మికులు చనిపోయారు.

బ్రెన్ కంటే బేసలే మేలని మాత్రం నేననను. ట్రయల్స్ వేరు, యుద్ధంలో బురద వేరు. బేసల్ ఆ బురద చూడనే లేదు. ఆ పిడి ఒక్కటి మా గన్‌కు ఉంటే బాగుండేదనిపిస్తుంది, అంతే.