ప్రతీక అంటే ఏమిటి?

సందేహం: చిత్రకళా సమీక్షల్లో చిహ్నం, సంకేతం, ప్రతీక అనే మాటలను ఒకదానికి బదులు మరొకటి వాడేస్తున్నారు. వీటికి తేడా ఉందా? ‘ఖాళీ కుర్చీ మరణానికి ప్రతీక’ అనవచ్చా?

సమాధానం: తేడా ఉంది. చిహ్నం ఆనవాలు పట్టడానికి. జైన తీర్థంకరుల విగ్రహాలు చాలావరకు ఒకే పోలికలో ఉంటాయి. పీఠం మీద ఎద్దు ఉంటే ఋషభనాథుడు, సింహం ఉంటే మహావీరుడు. సంకేతం ఒప్పందం మీద నిలుస్తుంది. చక్రం బౌద్ధ శిల్పంలో ధర్మోపదేశం, విష్ణువు చేతిలో ఆయుధం. ఆ ఒప్పందం తెలియనివారికి అది వట్టి చక్రమే.

ఇక ప్రతీక. సంస్కృత నిఘంటువు అమరకోశం ఈ మాటను అంగానికీ అవయవానికీ పర్యాయపదంగా చెప్పింది. వేదభాషలో ముఖమనీ అర్థం ఉంది. వ్యాఖ్యాత శ్లోకంలోని మొదటి మాటలు మాత్రం ఎత్తి చూపి వివరణ మొదలుపెడితే, ఆ ముక్కనూ ప్రతీకమనే అంటారు. అంటే ముక్కను చూపి మొత్తాన్ని తలపుకు తేవడం. ఈ మాటలోని బలమంతా అక్కడే ఉంది.

సాంచీ స్తూపం తూర్పు తోరణం మీద సిద్ధార్థుడి మహాభినిష్క్రమణ, అంటే బుద్ధుడు కాకముందు ఆయన ఇల్లు విడిచి వెళ్లిన ఘట్టం, చూడండి. గుర్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది, జీను మీద ఎవరూ ఉండరు. కానీ పైన గొడుగు పట్టి ఉంటుంది. ఎవరూ లేనిచోట గొడుగెందుకు? ఆ ప్రశ్నే మనచేత రౌతును ఊహింపజేస్తుంది. చివరికి గొడుగు పాదముద్రల మీదికి మారుతుంది, గుర్రం గొడుగు లేకుండా వెనుదిరుగుతుంది. ఆయన దిగిపోయాడని చెప్పడానికి శిల్పికి మనిషి బొమ్మే అక్కరలేకపోయింది. గొడుగును విడిగా చెక్కితే ఇంత అర్థం రాదు. అది ఉన్న చోటూ, మారిన చోటూ అర్థాన్ని పుట్టించాయి.

ఇప్పటి సమీక్షకులు చిత్రంలో పక్షి కనబడగానే ‘స్వేచ్ఛకు ప్రతీక’ అని రాసి ముందుకు సాగుతున్నారు. ఆ పక్షి ఎటు చూస్తోంది, పక్కన ఏముంది అని చూడరు. ఇది మాటకూ బొమ్మకూ అన్యాయమే. ఇలాంటి సంస్కృత పదాలకు తెలుగులో ‘ము’ చేరాలనే తత్సమ నియమం ప్రకారం రూపం ‘ప్రతీకము’ కావాలి. ‘ప్రతీక’ ఎంతగానో పాతుకుపోయింది కనుక దాన్ని తప్పని కొట్టివేయను.

మీ ఖాళీ కుర్చీ సంగతి. కుర్చీ చేతికి కర్ర ఆనించి, పక్కన కళ్లజోడు పెట్టి, అది ఫలానా మనిషిదని చిత్రమే చెబుతుంటే, ఆ మనిషికి ప్రతీక అనండి. మరణానికి అనాలంటే చిత్రంలో మరో ఆధారం ఉండాలి. వట్టి కుర్చీ అయితే ‘సూచన’ అంటే చాలుననిపిస్తుంది.